సున్నా ఆలోచనల బడి

సువర్చల మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే రోగం. రిజిస్టరు.

పెళ్ళయిన మూడో నెలలో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. తిట్టడం చేతగాని మనిషి కాబట్టి పానకాలరావు నూరు పేజీల నోటుపుస్తకం తెచ్చి, స్కేలు పెట్టి గీతలు కొట్టాడు. క్రమసంఖ్య, తేదీ, పొంగిన సమయం, కారణం, బాధ్యులు, తీసుకున్న చర్య. తొమ్మిదేళ్ళు గడిచాయి. పాలు పొంగుతూనే ఉన్నాయి, పుస్తకం రెండో సంపుటంలో పడింది. "బాధ్యులు" అన్న గడిలో మొదటి నుంచీ సువర్చల పేరే. ఒకేఒక్క చోట "పిల్లి" అని ఉంది. వాళ్ళింట్లో పిల్లి లేదన్న సంగతి ఆయన ఇంతవరకూ గమనించలేదు.

తిట్టే మొగుణ్ణి ఎదురు తిట్టవచ్చు. అలిగే మొగుణ్ణి బతిమాలవచ్చు. గీతలు కొట్టే మొగుణ్ణి ఏం చేస్తాం? ఇంకో పుస్తకం కొనిస్తాం. సువర్చల అదే చేస్తూ వచ్చింది. బి.ఎ.లో తర్కశాస్త్రానికి డెబ్భై రెండు మార్కులు తెచ్చుకున్న మనిషి, వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియక దాచుకుంది.

పానకాలరావు మిరపదిన్నె మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకి హెడ్మాస్టరు. ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. సాటి మాస్టర్లందరూ తమ పిల్లల్ని టౌనులో టై కట్టే బళ్ళకు పంపుతుంటే, "మన బళ్ళో మన పిల్లలే చదవకపోతే ఇంకెవరి పిల్లలు చదువుతారు?" అని కూతురు జోషితని తన బళ్ళోనే వేశాడు. జోషిత రెండో తరగతి. ఇంట్లో "నాన్నా", బళ్ళో "సార్". గేటు దాటగానే పిలుపు మార్చాలని ఆ పిల్లకి చెప్పింది కూడా ఆయనే.

జోషిత నిద్ర లేచేదే ప్రశ్నతో. "అమ్మా, నిన్న ఎటు పోయింది?" పళ్ళు తోముకుంటూ మరొకటి. "ఉప్పు ప్యాకెట్టు మీద డేటుంది గదా, మరి సముద్రానికి ఎందుకు లేదు?" జడ వేయించుకుంటూ ఇంకొకటి. "గేదెకి తను నల్లగా ఉన్నానని తెలుసా?" జడ రెండు పాయలయ్యేసరికి సువర్చలకి ఓపిక అయిపోయేది. "తెలుసో లేదో సాయంత్రం గేదెనే అడుగు" అని తోలేది. సాయంత్రం ఆ పిల్ల నిజంగానే అడిగి వచ్చేది.

ఇలా ఉండగా బడి వెనక బుద్ధుడు దొరికాడు.

బడి వెనక ఒక దిన్నె ఉంది. దాని మీద ఊరు ఊరంతా మిరపకాయలు ఆరబోసుకుంటారు. బళ్ళో మరుగుదొడ్డి కట్టడానికి ఆ దిన్నె అంచున గుంత తవ్వుతుంటే గునపం రాయికి తగిలింది. మట్టి దులిపితే బుద్ధుడి తల. ముక్కు మాత్రం లేదు. పేపర్ల వాళ్ళు వచ్చారు, జీపులు వచ్చాయి, ప్రసంగాలు జరిగాయి. తలని గడ్డిలో చుట్టి మ్యూజియానికి పట్టుకుపోయారు. పని ఆపేయమన్నారు కాబట్టి గుంత అలాగే ఉండిపోయింది. మరుగుదొడ్డి రాలేదు. ధ్యానం వచ్చింది.

"ఈ నేల యొక్క బౌద్ధ వారసత్వ స్ఫూర్తిని దృష్టియందుంచుకొని, ఒకటి నుండి ఐదవ తరగతి వరకు గల ప్రతి విద్యార్థియు దినమునకు పది నిమిషములు శ్వాసపై ధ్యాస నిలుపవలెను. సదరు కార్యక్రమమును తు.చ. తప్పక అమలుపరచి, ఫోటో సహితముగా నివేదించవలెను." కింద సంతకం కోదండపాణి గారిది, జిల్లా ధ్యాన సమన్వయాధికారి. ఆ ఉద్యోగం అంతకు ముందు వారమే పుట్టింది.

మొదట్లో అంతా బాగానే సాగింది. కొండ మీద విహారంలో ఉండే బౌద్ధ సన్యాసి భంతే గారు వచ్చి పిల్లలకి నేర్పారు. కాషాయం కట్టక ముందు ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. మాట సూటిగా ఉంటుంది. "ఊపిరి లోపలికి పోతంది, బయటికి వస్తంది. చూస్తా కూర్చోండి. మధ్యలో ఏదన్నా ఆలోచన వచ్చిందనుకో, తరమొద్దు. 'వచ్చావా' అనండి. అదే పోద్ది."

జోషితకి ఇది తెగ నచ్చింది. ఇంటికొచ్చి అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుని, "వచ్చావా? కూర్చో. ఇంకా నీ వెనకాల ఎవరున్నారు?" అనడం సువర్చల విన్నది. ఆ పది నిమిషాలూ ఇంట్లో ప్రశ్నలు లేవు. బుద్ధుడి మీద సువర్చలకి నిజంగానే భక్తి కలిగింది.

చిక్కంతా రెండో నెలలో జిల్లా నుంచి వచ్చిన కాగితంతో మొదలైంది. "విద్యార్థులు కనులు మూసుకొనిన ఫోటోలు అందినవి. వారు నిద్రించుటలేదనుటకు ఆధారమేమి?"

మిగతా హెడ్మాస్టర్లు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోయారు. పానకాలరావు కళ్ళు మాత్రం మెరిశాయి. ఆదివారమంతా భోజనాల బల్ల మీద స్కేలు, ఎర్రసిరా, నల్లసిరా పరుచుకుని కూర్చుని "ధ్యాన ప్రగతి రిజిస్టరు" తయారుచేశాడు. ధ్యానంలో ఆలోచన వచ్చిన ప్రతిసారీ పిల్లలు వేలు ఎత్తాలి. టీచరు లెక్కపెట్టి గడిలో రాయాలి. మొదటి నెల సగటు, రెండో నెల సగటు, తగ్గుదల శాతం.

"ఏవండీ, భంతే గారు రానిమ్మన్నారు గదా. వస్తే తప్పేంటి?" అంది సువర్చల, బల్ల ఖాళీ కోసం చూస్తూ.

"రావద్దని ఎవరన్నారు? వచ్చినవి రాస్తున్నాం. అంతే."

"రాసినవి తగ్గాలని కూడా గడి గీశారుగా."

"గడి గీశాక అందులో ఏదో ఒకటి ఉండాలి గదా సువర్చలా" అన్నాడాయన, నమ్మకంగా.

ఆ నమూనా చూసి కోదండపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. "కొలతకు దొరకని చదువు చదువే కాదు! ధ్యానాన్ని కొలతకు తెచ్చిన మొదటి ఉపాధ్యాయుడు మీరేనండీ!" పదిహేను రోజుల్లో అది జిల్లా అంతటికీ యాప్ అయి కూర్చుంది.

ఇక సందేహాలు, వివరణలు. మాఘమాసం, దిన్నె మీద మిరపకాయలు ఎర్రగా మండిపోతున్నాయి, గాలి వీస్తే బడంతా తుమ్ములు. తుమ్మును ఆలోచనగా లెక్కించాలా అని పానకాలరావు రాసి అడిగాడు. జిల్లా నుంచి జవాబు వచ్చింది. "తుమ్ము ఆలోచన పరిధిలోకి రాదు. అయితే తుమ్ము వచ్చునేమోనని అనుకొనుట ఆలోచనయే. దానిని విధిగా నమోదు చేయవలెను."

మొదటి రోజు రెండో తరగతిలో అందరికంటే ఎక్కువ లెక్క జోషితది. పది నిమిషాల్లో నలభై మూడు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంది. "అమ్మా, నేనే ఫస్టు!"

ఆ తర్వాతి శుక్రవారం రెండో తరగతి పిల్లల్ని విక్టోరియా టీచరు వరసగా నడిపించుకుని ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకెళ్ళింది, కళ్ళ పరీక్షకి. బళ్ళో రెండో తరగతి గదికి తాళం. పదకొండు గంటలకల్లా అందరి లెక్కలూ పంపాలి. యాప్‌లో గడి ఖాళీగా వదిలితే కిందికి కదలదు. పానకాలరావు రెండుసార్లు చూశాడు, మూడుసార్లు చూశాడు. ముప్పై ఒక్క పేర్లకీ ఎదురుగా సున్నా, సున్నా, సున్నా అని కొట్టి పంపించాడు. రేపు దిద్దుకోవచ్చనుకున్నాడు. పంపగానే తెర మీద వచ్చింది. "ఒకసారి సమర్పించిన వివరములను మార్చుటకు వీలుపడదు."

మర్నాడు పొద్దున్నే ఫోను. సువర్చల పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కోదండపాణి గారి గొంతు ఫోను దాటి వంటింట్లోకి వినపడుతోంది.

"పానకాలరావు గారూ! ముప్పై ఒక్క మంది పసిపిల్లలు! పది నిమిషాలు! ఒక్కటంటే ఒక్క ఆలోచన లేదు! ఆ తపోభూమి మహిమ అనాలా, మీ బోధనా పటిమ అనాలా? పైవారికి తెలియపరిచాను. కరతాళధ్వనులండీ!"

పానకాలరావు నోరు తెరిచాడు. "సార్, అదీ, నిన్న పిల్లలు..."

"ఏం చెప్పకండి! వినయం వద్దు! మంగళవారం సన్మానం!"

తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంది. తర్వాత మెల్లిగా మూసుకుంది. సువర్చల చేతిలోని చిక్కుడుకాయ విరవడం ఆపి ఆ నోటి వంకే చూసింది. ఈ కథంతా ఆ మూసుకున్న నోట్లోంచి వచ్చిందే.

శాలువా వచ్చింది. వెనకే సర్క్యులర్ వచ్చింది. "మిరపదిన్నె ఆదర్శముగా, మార్చి ముప్పై ఒకటవ తేదీ లోగా జిల్లాలోని అన్ని పాఠశాలలు సున్నా ఆలోచనల స్థాయిని చేరవలెను." మర్నాటికి నలభై బళ్ళు చేరాయి. వారంలో అన్నీ చేరిపోయాయి. వాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒక్కటే. వేళ్ళు లెక్కపెట్టడం మానేస్తే చాలు.

ఊరి మొదట్లో సర్పంచి ఇనుప కమాను కట్టించి పచ్చరంగు అక్షరాలతో రాయించాడు. "ఆలోచన రహిత గ్రామమునకు స్వాగతం." మిరపకాయల బేరగాళ్ళు అది చదివి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఉత్సాహంగా లోపలికి వచ్చేవారు.

ఇక శిక్షకుల అర్హత సంగతి. భంతే గారికీ ఒక ఫారం ఇచ్చారు. "తమకు రోజుకు సగటున ఎన్ని ఆలోచనలు వచ్చును?" అన్నచోట ఆయన, "లెక్కపెట్టలేదు నాయనా, వస్తానే ఉంటయ్" అని రాశారు. "ముప్పది సంవత్సరముల అనుభవము ఉండియు సున్నా సాధించలేనివారిని శిక్షకులుగా కొనసాగించుట సమంజసము కాదు" అని ఆయన్ని తొలగించి, "అతిథి" జాబితాలో వేశారు. అతిథులు ఫోటోలో ఉండవచ్చు, మాట్లాడనక్కర్లేదు.

తర్వాత పాఠాలు. లెక్కల పీరియడ్లో పిల్లలు ఆలోచిస్తున్నట్టు ఒక తనిఖీలో బయటపడింది. "ఉపాధ్యాయులు 'ఎందుకు', 'ఎలా' అను ప్రశ్నలను మార్చి నెలాఖరు వరకు నిలిపివేయవలెను. ఎక్కములు యథాతథము." ఎక్కాలు ఎలాగూ ఆలోచించకుండానే వస్తాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఇంత జరుగుతున్నా జిల్లా మొత్తానికి ఒక్క పిల్ల మాత్రం వేలు ఎత్తుతూనే ఉంది.

విక్టోరియా టీచరు ఒక సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడింది. "మేడమ్, నా వల్ల కాదు. అందరూ బంగారాల్లాగా సున్నా చెప్తన్నారు. పాపొక్కతే పద్నాలుగు, పదిహేడు. చెయ్యి పట్టుకుని నొక్కిపెట్టా. చెయ్యి నొక్కితే కాలివేలు ఎత్తుద్ది! కాలు మీద పలక పెడితే, 'టీచర్, ఇప్పుడొచ్చింది ఎట్టా చెప్పాలి' అని నోటితో అడుగుద్ది. రేపు తనిఖీలో నా ఉద్యోగం ఏమయ్యేట్టు?"

పానకాలరావు ఆ రాత్రి భోజనాల దగ్గర కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అమ్మడూ, ఇక నుంచి ఆలోచన వస్తే వేలు ఎత్తక్కర్లేదమ్మా."

"వస్తే ఎత్తమన్నది నువ్వేగా నాన్నా?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నా."

"మరి టీచరు సున్నా రాసుద్ది. అబద్ధం కదా?"

"అబద్ధం కాదు. సర్దుబాటు."

జోషిత కాసేపు అన్నం కెలికింది. "మేం కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళిన రోజున కూడా సున్నా రాశావు గదా. అదీ సర్దుబాటేనా?"

పానకాలరావు మొహం మజ్జిగలా తెల్లబడింది. ఏనాడూ గొంతు ఎత్తని మనిషి ఎత్తాడు. "ఇంక ప్రశ్నలు అడిగావంటే ఊరుకోను! అసలు నీకు ఆలోచనలే రావడానికి వీల్లేదు! అర్థమైందా?"

"అర్థమైంది సార్" అంది జోషిత.

ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, సార్ అంది. ఆయన వినలేదేమో గానీ సువర్చల వింది.

మర్నాడు జోషిత లేచి మొహం కడుక్కుని, పాలు తాగి, జడకి కూర్చుంది. జడ రెండు పాయలయింది, మూడు పాయలయింది. రిబ్బను కూడా కట్టడం అయింది. ఒక్క ప్రశ్న లేదు. సువర్చల ఒళ్ళు పట్టి చూసింది. చల్లగానే ఉంది. రెండో రోజూ అంతే. గేదె ఎదురొచ్చినా తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళ కాపురంలో సువర్చలకి ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ అనిపించలేదు. ఏనాడో ఒక్క పది నిమిషాలు మౌనం దొరికితే బాగుండునని తను కోరుకున్న సంగతి గుర్తొచ్చింది.

మూడో రోజు పిల్ల తనంతట తనే వచ్చి కొంగు పట్టుకుంది. "అమ్మా, నాన్నకి చెప్పనంటే ఒకటి చెప్తా."

"చెప్పను. ఏంటి?"

"నాకు ఇంకా వస్తున్నయ్."

"ఏం వస్తున్నయ్యే?"

జోషిత చుట్టూ చూసి, పక్క తడిపిన పిల్ల ఒప్పుకున్నట్టుగా, గొంతు తగ్గించి చెప్పింది. "ఆలోచనలు."

సువర్చల తర్కశాస్త్రంలో వచ్చిన డెబ్భై రెండు మార్కులూ బయటికి తీసింది.

మర్నాడు పొద్దున పానకాలరావు చేతికి గ్లాసు వచ్చింది. అందులో ఏమీ లేదు.

"కాఫీ ఏదీ?"

"పొయ్యాలన్న ఆలోచన రాలేదండి" అంది సువర్చల, నిర్మలంగా.

రాత్రి పప్పులో ఉప్పు లేదు. "వేద్దామన్న ఆలోచన రాలేదండి." ఆయన తెల్లచొక్కాలు మూడూ బక్కెట్లోనే నానుతున్నాయి. "ఉతకాలన్న ఆలోచన రావాలి గదండీ." ఆయనకి కోపం వచ్చేలోగా నూరు పేజీల నోటుపుస్తకం తెచ్చి చూపించింది. స్కేలు పెట్టి కొట్టిన గీతలు, ఎర్రసిరా. తేదీ, పని, వచ్చిన ఆలోచనల సంఖ్య. సున్నా, సున్నా, సున్నా. "ఒక్క రోజులోనే నూటికి నూరు శాతం తగ్గుదల. గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి."

గీతలు చక్కగానే ఉన్నాయి.

ఆ గురువారం మార్చి నెలాఖరు తనిఖీ ఏర్పాట్లు చూడటానికి కోదండపాణి గారు బడికి వచ్చి, స్టాఫ్ రూములో పానకాలరావు పక్కన భోజనానికి కూర్చున్నారు. పానకాలరావు క్యారియర్ విప్పాడు. పైగిన్నెలో గుప్పెడు బియ్యం. కిందిగిన్నెలో మట్టితో సహా ఒక బంగాళాదుంప, పక్కనే అగ్గిపెట్టె.

పానకాలరావుకి చెమటలు పట్టాయి. కోదండపాణి గారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు గిన్నెలోకి చూశారు. "అద్భుతం. ముడి ఆహారం! ఆదిమ బౌద్ధ జీవన విధానం! నిరాడంబరత ఇంటి దాకా పాకిందన్నమాట." ఫోటో తీసుకున్నారు. వారం తిరక్కుండా మధ్యాహ్న భోజనంలో ఒక రోజు "వండని దినము"గా పాటించే ప్రతిపాదన పైకి వెళ్ళిందని విక్టోరియా టీచరు చెప్పింది. సువర్చల నెత్తి కొట్టుకుంది. మొగుడికి వేసిన మందు జిల్లాకి పట్టింది. ఈ జనానికి వ్యంగ్యం కూడా ప్రొఫార్మాలో ఇస్తే గానీ తలకెక్కదు.

ఉప్పు లేని పప్పు మాత్రం రోజూ తింటూనే ఉన్నాడు పానకాలరావు. తింటూ ఎదురుగా కూర్చున్న కూతురి వంక దొంగచూపులు చూసేవాడు. ఆ పిల్ల గిన్నె ఖాళీ చేసి, "అయిపోయింది సార్" అని లేచిపోయేది.

తనిఖీ ముందు రోజు సాయంత్రం ఆయన సువర్చలకి మడిచిన కాగితం ఇచ్చాడు. "రేపు అమ్మడిని ఇంట్లోనే ఉంచు. జ్వరమని సెలవుచీటీ రాసిపెట్టా. నువ్వు సంతకం పెడితే చాలు." సువర్చల కాగితం అందుకుని బియ్యం డబ్బా కింద పెట్టింది.

మర్నాడు బళ్ళో షామియానా, మైకు, మూడు జీపులు. వేదిక మీద కోదండపాణి గారు, సర్పంచి, మాట్లాడనక్కర్లేని భంతే గారు. కింద ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు వరసల్లో. గేటు దగ్గర తల్లులు. సరిగ్గా పది గంటలకి సువర్చల, రెండు జడలూ రిబ్బన్లూ సహా జోషితని తీసుకొచ్చి రెండో తరగతి వరసలో కూర్చోబెట్టింది.

పానకాలరావు పరుగున వచ్చాడు. "ఇదేంటి! ఇంట్లో ఉంచమన్నాగా!"

"ఉంచాలన్న ఆలోచన రాలేదండి" అంది సువర్చల.

గంట కొట్టారు. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. దిన్నె మీది నుంచి మిరపఘాటు సన్నగా వస్తోంది. ఒక నిమిషం గడిచింది. కోదండపాణి గారి మొహం వెలిగిపోతోంది. రెండో నిమిషంలో మూడో వరసలో ఒక చిటికెన వేలు సగం లేచి, భయపడినట్టు దిగిపోయింది. మళ్ళీ లేచింది. ఈసారి చూపుడువేలు. పూర్తిగా.

"ఎవరా పాప?" మైకులో అడిగారు కోదండపాణి గారు.

జోషిత లేచి నిలబడింది. "ఎత్తకూడదనే అనుకున్నా సార్. అలా అనుకోవడం కూడా ఒకటి గదా. దాంతో కలిపి ఆరు."

తల్లుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కోదండపాణి గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. "ఏమిటవి తల్లీ?"

"బుద్ధుడికి ముక్కు లేదు గదా, మరి ఊపిరి ఎట్టా చూసుకుంటాడని ఒకటి. అందరికీ సున్నా అయితే లెక్క ఎవరు పెడుతున్నారని ఒకటి. గుంత అట్టాగే ఉంది గదా, వానాకాలం నీళ్ళు నిండితే ఒకటో తరగతి వాళ్ళు పడిపోతారేమోనని ఒకటి. మా అమ్మ ఉప్పు ఎప్పుడు వేసుద్దో అని ఒకటి." పానకాలరావు వైపు తిరిగింది. "మేం కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళిన రోజు బళ్ళో లేం గదా, మాకు ఆలోచనలు రాలేదని ఎట్టా తెలిసిందా అని ఒకటి."

కోదండపాణి గారు భంతే గారి వైపు తిరిగారు, ఎటైనా తిరగాలి కాబట్టి. "భంతే, ఈ అమ్మాయి విషయంలో..."

"కూర్చోబెట్టండి" అన్నారు భంతే గారు. "బళ్ళో ధ్యానం చేస్తంది ఆ పిల్లొక్కతే. తనకేం వస్తందో తనకి తెలుస్తంది."

"తమ అభిప్రాయం నమోదు చేయుటకు గడి లేదండీ" అని, కోదండపాణి గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి వేదిక దిగారు. గేటు దగ్గర నిలబడ్డ పానకాలరావు చెవి దగ్గర వంగి మెల్లిగా మాట్లాడారు. గేటు పక్కనున్న సువర్చలకి ప్రతి మాటా వినపడుతోంది.

"కంగారు పడకండి. ఈ అమ్మాయి మన బడి పిల్ల కాదు. హాజరుపట్టీలో పేరు కొట్టేయండి, నెల కిందటి తేదీ వేయండి. పక్క మండలం నుంచి చూడటానికి వచ్చిందని రాసుకుందాం. రెండు నిమిషాల పని. పైవారు సాయంత్రానికల్లా మనది సున్నా ఆలోచనల జిల్లా అని ప్రకటించేస్తారు. ఒక్క పిల్ల కోసం జిల్లా పరువు తీసుకుంటామా?"

హాజరుపట్టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. పానకాలరావు తెరిచాడు. పదిహేడో నెంబరు. పి. జోషిత. జూన్‌లో బడి తెరిచిన రోజు తన చేత్తో తనే రాసిన పేరు. తండ్రి పేరు గడిలో తన పేరు. ఆయన జేబులోంచి స్కేలు తీసి పేరు మీద పెట్టాడు. ఎర్రసిరా పెన్ను మూత తీశాడు.

ఇన్నేళ్ళలో ఆయన కొట్టిన గీతల్లో ఒక్కటి వంకర పోవడం సువర్చల చూడలేదు.

మూడో వరసలో జోషిత ఇంకా నిలబడే ఉంది. "సార్, నేను కూర్చోవచ్చా? ఇంటికి పోవాలా?"

సిరాచుక్క ఒకటి స్కేలు మీద పడింది. పానకాలరావు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత స్కేలు తీసి జేబులో పెట్టుకున్నాడు. పెన్నుకి మూత పెట్టాడు.

"ఏమైందండీ?" అన్నారు కోదండపాణి గారు. "ఏమాలోచిస్తున్నారు?"

పానకాలరావు వేదికెక్కాడు. మైకు ఎత్తు సరిచేసుకున్నాడు.

"ఆ రోజు పిల్లలు బళ్ళో లేరు. గడి ఖాళీగా ఉంటే యాప్ కదల్లేదని సున్నాలు నేనే వేశాను. ఆ పాప ఈ బడి పిల్లే. నా కూతురే." తర్వాత పిల్లలకి పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు. "తప్పు నాది."

మాస్టారు మాట విడదీసి చెప్పారంటే తిరిగి పలకాలని ఆ బళ్ళో పిల్లలకి అలవాటు. కళ్ళు మూసుకునే, అయిదు తరగతులూ ఒక్క గొంతుతో పలికాయి.

"తప్పు నాది!"

పానకాలరావు ఉలిక్కిపడ్డాడు. వరసలు వరసలుగా ఆ పసిమొహాలని చూశాడు.

"మీది కాదర్రా" అన్నాడు. "మీది కాదు. నాది. నా ఒక్కడిదే."